క్యాబేజీ కుటుంబపు కూరగాయలు: రక్తంలో చక్కెర, కొలెస్ట్రాల్‌పై ప్రభావం

క్యాబేజీ, కాలీఫ్లవర్, బ్రోకలీ, ముల్లంగి, నూల్‌కోల్, టర్నిప్, కేల్, ఆవ ఆకు ఒకే వృక్ష కుటుంబానికి చెందిన కూరగాయలు. ఆ కుటుంబం శాస్త్రీయ నామం బ్రాసికేసీ. వీటిలో పిండిపదార్థం చాలా తక్కువ, పీచు చెప్పుకోదగినంత. వాటికి తోడు గంధకం కలిసిన కొన్ని ప్రత్యేక రసాయనాలు ఉంటాయి. ఈ గుణాల వల్ల మధుమేహం, అధిక కొలెస్ట్రాల్ ఉన్నవారికి అనువైన ఆహారంగా ఇవి పేరుపొందాయి. పరిశోధనలు ఈ పేరును చాలావరకు నిలబెట్టాయి, దాని హద్దులనూ తేల్చాయి. వీటి వల్ల కలిగే మేలు నిజమైనదే కానీ పరిమితమైనది. అందులో పెద్ద వాటా కంచంలో అన్నం తగ్గి కూర పెరగడం వల్ల వచ్చేది. గంధక రసాయనాల వల్ల వచ్చేది దానికి కొసరు.

ఈ విషయానికి మన దేశంలో ఎంత ప్రాధాన్యం ఉందో భారతీయ వైద్య పరిశోధన మండలి జరిపించిన ఇండియాబ్ సర్వే చూపింది. 2023లో వెలువడిన ఆ సర్వే ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి, అంటే వయోజనుల్లో 11.4 శాతానికి మధుమేహం ఉంది. మరో 15.3 శాతం మంది మధుమేహం అంచున ఉన్నారు. 24 శాతం మందిలో కొలెస్ట్రాల్ ఉండవలసిన దానికంటే ఎక్కువ. భారతీయుల ఆహార శక్తిలో దాదాపు 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తోందని అదే సర్వే ఆహార విభాగం తేల్చింది. తెల్లన్నం ప్రధానమైన తెలుగు రాష్ట్రాలకు ఈ లెక్క బాగా వర్తిస్తుంది.

కుటుంబ పరిచయం

బ్రాసికేసీ కుటుంబంలో సుమారు 3,700 జాతుల మొక్కలున్నాయి. వీటి పూలకు నాలుగు రేకులు శిలువ ఆకారంలో ఎదురెదురుగా ఉంటాయి. అందుకే వృక్షశాస్త్ర గ్రంథాల్లో పూర్వం ఈ కుటుంబాన్ని క్రూసిఫెరే అనేవారు.

క్యాబేజీ, కాలీఫ్లవర్, బ్రోకలీ, నూల్‌కోల్, కేల్, బ్రస్సెల్స్ స్ప్రౌట్స్ చూడటానికి వేర్వేరు మొక్కలుగా కనిపించినా, అన్నీ బ్రాసికా ఒలరేసియా అనే ఒకే జాతి. యూరప్, మధ్యధరా తీరాల్లో పెరిగిన అడవి మొక్క నుంచి రైతులు తరతరాలుగా తమకు నచ్చిన గుణాలున్న విత్తనాలను ఏరి దాచుకోవడం వల్ల ఇన్ని రూపాలు వచ్చాయి. ఒకదానిపై ఒకటి ముడుచుకున్న ఆకుల మొగ్గ క్యాబేజీ అయింది. పూర్తిగా ఎదగని పూగుత్తి కాలీఫ్లవర్, ఆకుపచ్చని పూమొగ్గల గుత్తి బ్రోకలీ, ఉబ్బిన కాండం నూల్‌కోల్. ఆకులు విడివిడిగా మిగిలిపోయినది కేల్.

ముల్లంగి ఇదే కుటుంబంలో వేరే ప్రజాతి. టర్నిప్, చైనా క్యాబేజీ బ్రాసికా రాపా జాతివి. మనం పోపులో వేసే ఆవాలు ఇచ్చే మొక్క బ్రాసికా జన్సియా. అది రాపా, నల్ల ఆవ అనే రెండు జాతుల సహజ సంకరం వల్ల పుట్టిందని 1935లో నాగహారు ఊ అనే శాస్త్రవేత్త ప్రతిపాదించాడు. మునగ, పల్లెల్లో పప్పులో వేసుకునే వామింట ఈ కుటుంబంలోవి కాకపోయినా దగ్గరి చుట్టాలు. మూడు కుటుంబాలూ బ్రాసికేల్స్ అనే ఒకే వర్గంలో చేరతాయి. ఆవాలకు ఘాటునిచ్చే గంధక రసాయనాల తరహావే మునగలోనూ వామింటలోనూ ఉన్నాయి.

చరిత్ర

క్యాబేజీని ఔషధంగా మెచ్చుకోవడం పాత అలవాటే. క్రీస్తుపూర్వం రెండో శతాబ్దానికి చెందిన రోమన్ రచయిత కేటో తన వ్యవసాయ గ్రంథంలో దాన్ని కూరగాయలన్నిటిలోకీ మేటిగా కీర్తించాడు. భారతదేశంలో ఆవాలు, ముల్లంగి ప్రాచీన పంటలు. సింధు నాగరికత నాటి చన్హుదారో తవ్వకాల్లో ఆవగింజలు బయటపడ్డాయి. క్యాబేజీ, కాలీఫ్లవర్ మాత్రం యూరోపియన్ల రాకతో వచ్చినవి. 1822లో సహారన్‌పూర్‌లోని ఈస్టిండియా కంపెనీ తోటకు ఇంగ్లండు నుంచి తెప్పించిన విత్తనాలతో కాలీఫ్లవర్ సాగు మొదలైంది. తర్వాతి కాలంలో మన వేడిని తట్టుకునే దేశవాళీ రకాలు రూపొందాయి. ఇప్పుడు క్యాబేజీ ఉత్పత్తిలో చైనా తర్వాతి స్థానం భారత్‌దే. బ్రోకలీ కొత్తగా వచ్చిన పంట. నగరాల్లో దొరుకుతున్నా దాని ధర చాలా ఇళ్లకు అందుబాటులో లేదు. అందువల్ల తెలుగు పాఠకుడికి క్యాబేజీ, కాలీఫ్లవర్, ముల్లంగి గురించి తెలియడం ఎక్కువ అవసరం.

పోషక విలువలు

కింది పట్టికలో 100 గ్రాముల పచ్చి కూరగాయలో ఉండే సుమారు విలువలు ఉన్నాయి. పోలిక కోసం చివర 100 గ్రాముల తెల్లన్నం విలువలు చేర్చాం.

| పదార్థం | శక్తి (కిలో కేలరీలు) | పిండిపదార్థం మొత్తం (గ్రా.) | పీచు (గ్రా.) | విటమిన్ సి (మి.గ్రా.) |
|---|---|---|---|---|
| క్యాబేజీ | 25 | 5.8 | 2.5 | 37 |
| కాలీఫ్లవర్ | 25 | 5.0 | 2.0 | 48 |
| బ్రోకలీ | 34 | 6.6 | 2.6 | 89 |
| ముల్లంగి | 16 | 3.4 | 1.6 | 15 |
| నూల్‌కోల్ | 27 | 6.2 | 3.6 | 62 |
| టర్నిప్ | 28 | 6.4 | 1.8 | 21 |
| తెల్లన్నం | 130 | 28 | 0.4 | 0 |

పిండిపదార్థం లెక్కలో పీచు కూడా కలిసే ఉంటుంది. పీచు మన చిన్నపేగుల్లో జీర్ణం కాదు కనుక దాన్ని తీసేస్తే క్యాబేజీలో రక్తంలోకి చక్కెరగా చేరగలిగేది 100 గ్రాములకు మూడు గ్రాముల పైచిలుకే. ఒక కప్పు, అంటే సుమారు 150 గ్రాముల అన్నంలో 42 గ్రాముల పిండిపదార్థం ఉంటే, అంతే బరువున్న క్యాబేజీలో చక్కెరగా మారేది 5 గ్రాములు. ఒక ఆహారం రక్తంలో చక్కెరను ఎంత త్వరగా పెంచుతుందో చెప్పే గ్లైసీమిక్ సూచికను కొలవాలంటే సాధారణంగా 50 గ్రాముల జీర్ణమయ్యే పిండిపదార్థం ఉండేంత తినిపించాలి. క్యాబేజీతో ఆ పరీక్ష చేయాలంటే ఒకే పూట కిలోన్నర తినాలి. వీటి సూచిక అతి తక్కువ అనడంలోని అర్థం ఇదే.

ఇవి కాక ఫోలేట్, పొటాషియం, విటమిన్ కె వీటిలో ఉంటాయి. విటమిన్ కె బ్రోకలీ, కేల్, క్యాబేజీల్లో ఎక్కువ, కాలీఫ్లవర్‌లో తక్కువ, ముల్లంగి దుంపలో నామమాత్రం.

గంధక రసాయనాలు

ఈ కుటుంబాన్ని మిగతా కూరగాయల నుంచి వేరుచేసేవి గ్లూకోసినోలేట్లు. మొక్క కణాల్లో ఇవి ఒక చోట, వీటిని విడగొట్టే మైరోసినేస్ అనే ఎంజైము మరో చోట ఉంటాయి. ఆకును పురుగు కొరికినా, మనం కత్తితో తరిగినా, పంటితో నమిలినా కణాలు చిట్లి ఈ రెండూ కలుస్తాయి. అప్పుడు గ్లూకోసినోలేట్లు విడిపోయి ఐసోథయోసయనేట్లు అనే ఘాటైన పదార్థాలు తయారవుతాయి. నూరిన ఆవపిండి ముక్కుకు ఎక్కడం, పచ్చి ముల్లంగి నాలుకను చురుక్కుమనిపించడం, క్యాబేజీ ఎక్కువసేపు ఉడికితే ఇల్లంతా వాసన రావడం ఈ గంధక రసాయనాల పనే. మొక్కకు ఇది పురుగుల నుంచి రక్షణ.

ఐసోథయోసయనేట్లలో ఎక్కువగా పరిశోధన జరిగింది సల్ఫోరఫేన్ మీద. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో పాల్ తలాలే బృందం 1992లో దీన్ని బ్రోకలీ నుంచి వేరుచేసింది. మూడు రోజుల బ్రోకలీ మొలకల్లో దీని మాతృపదార్థం ముదిరిన బ్రోకలీలో కంటే 10 నుంచి 100 రెట్లు ఎక్కువని అదే బృందం 1997లో ప్రకటించింది. సల్ఫోరఫేన్ మన కణాల్లో ఎన్ఆర్ఎఫ్2 అనే ప్రొటీనును మేల్కొలుపుతుంది. దానివల్ల శరీరం తన సొంత రక్షక ఎంజైములను ఎక్కువగా తయారుచేసుకుంటుంది. మధుమేహంలో చక్కెర ఎక్కువై కణాలకు జరిగే ఆక్సీకరణ నష్టాన్ని ఇది తగ్గించగలదన్న ఆలోచనతోనే తర్వాతి పరిశోధనలు నడిచాయి.

రక్తంలో చక్కెరపై ప్రభావం

ఈ కూరగాయలు మూడు దారుల్లో పనిచేస్తాయి.

మొదటిది కంచంలో జరిగే మార్పు. రెండో విడత అన్నం స్థానంలో ఒక గిన్నెడు కూర తింటే ఆ పూట రక్తంలోకి చేరే చక్కెర నేరుగా తగ్గుతుంది. కడుపు నిండుతుంది, కేలరీలు తగ్గుతాయి, కొన్ని నెలల్లో బరువూ తగ్గవచ్చు. బరువు తగ్గితే ఇన్సులిన్ బాగా పనిచేస్తుంది. దీనికి ఏ ప్రత్యేక రసాయనమూ అక్కర్లేదు. మూడు దారుల్లోనూ ఫలితం ఖాయమైనది ఇదే.

రెండోది పీచు, తినే వరస. కూర ముందుగా కడుపులో చేరితే తర్వాత వచ్చే అన్నం నెమ్మదిగా పేగుల్లోకి దిగుతుంది, చక్కెర ఒక్కసారిగా ఎగబాకదు. 2015లో న్యూయార్క్‌లోని వైల్ కార్నెల్ వైద్య కళాశాల పరిశోధకులు 11 మంది టైప్ 2 మధుమేహ రోగులకు ఒకే భోజనాన్ని రెండు వరసల్లో పెట్టి చూశారు. ఒక రోజు రొట్టె, నారింజ రసం ముందు పెట్టి, కోడిమాంసం, సలాడ్, ఉడికించిన బ్రోకలీ తర్వాత ఇచ్చారు. మరో రోజు వరస తిప్పారు. కూరగాయలు, మాంసం ముందు తిన్న రోజు చక్కెర అరగంటకు 29 శాతం, గంటకు 37 శాతం, రెండు గంటలకు 17 శాతం తక్కువగా నమోదైంది. తిన్నవి అవే, మారింది వరస ఒక్కటే. జపాన్‌లో ఒసాకా పరిశోధకులు ఇదే పద్ధతిని రెండేళ్లు ఆచరింపజేసి మంచి ఫలితాలు చూశారు. కేల్ పొడిని భోజనంతో పాటు ఇచ్చినప్పుడు తిన్న తర్వాతి చక్కెర తగ్గిందని 2016లో 42 మందిపై జరిగిన మరో జపాన్ పరీక్ష తెలిపింది.

మూడోది సల్ఫోరఫేన్. 2012లో ఇరాన్ పరిశోధకులు టైప్ 2 మధుమేహ రోగులకు రోజుకు 10 గ్రాముల బ్రోకలీ మొలకల పొడి నాలుగు వారాలు ఇవ్వగా ఇన్సులిన్ నిరోధకత తగ్గింది. 2017లో స్వీడన్‌కు చెందిన ఆండర్స్ రోసెన్‌గ్రెన్ బృందం 97 మంది రోగులకు 12 వారాలు సల్ఫోరఫేన్ ఎక్కువగా ఉన్న మొలకల సారాన్ని, లేదా ఉత్తి పొడిని ఇచ్చి పోల్చింది. స్థూలకాయం ఉండి చక్కెర అదుపులో లేనివారిలో పరగడుపు చక్కెర, గత రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపే హెచ్‌బీఏ1సీ తగ్గాయి. కాలేయం అవసరానికి మించి చక్కెర తయారుచేయడాన్ని సల్ఫోరఫేన్ తగ్గిస్తుందని వారు గుర్తించారు. చక్కెర అప్పటికే అదుపులో ఉన్నవారికి అలాంటి లాభం కనబడలేదు. అదే బృందం 2025లో మధుమేహం అంచున ఉన్నవారిపై జరిపిన పరీక్షలో పరగడుపు చక్కెర సగటున లీటరుకు 0.2 మిల్లీమోల్ తగ్గింది. మన ప్రయోగశాలల లెక్కలో అది డెసిలీటరుకు నాలుగు మిల్లీగ్రాముల లోపు. పేగుల్లోని సూక్ష్మజీవుల తీరును బట్టి కొందరికి ఎక్కువగా, కొందరికి తక్కువగా తగ్గింది.

స్వీడన్ పరీక్షల్లో వాడినది గాఢమైన సారం. అంత సల్ఫోరఫేన్ వంటల ద్వారా అందాలంటే రోజుకు కొన్ని కిలోల బ్రోకలీ తినాలి. కాబట్టి ఆ ఫలితాలను ఇంట్లో చేసుకునే కూరకు యథాతథంగా అన్వయించడం సరికాదు.

కొలెస్ట్రాల్‌పై ప్రభావం

కాలేయం కొలెస్ట్రాల్‌ను వాడి పైత్యరసంలోని ఆమ్లాలను తయారుచేస్తుంది. కొవ్వును అరిగించడానికి ఇవి పేగుల్లోకి వస్తాయి. పని ముగిశాక వాటిలో దాదాపు 95 శాతం తిరిగి కాలేయానికే చేరతాయి. పీచు ఈ ఆమ్లాల్లో కొన్నిటిని పట్టుకుని మలంతో పాటు బయటికి పంపుతుంది. ఆ లోటు పూడ్చుకోవడానికి కాలేయం రక్తంలోంచి ఎల్‌డీఎల్ అనే చెడు కొలెస్ట్రాల్‌ను లాక్కుని కొత్త ఆమ్లాలు తయారుచేస్తుంది. కొలెస్టిరమిన్ అనే పాత మందు పనిచేసేదీ ఈ సూత్రం మీదే.

అమెరికా వ్యవసాయ శాఖ ప్రయోగశాలలో తల్విందర్ కహ్లాన్ బృందం 2008లో ఈ గుణాన్ని గాజుపాత్రల్లో కొలిచింది. ఆవిరిపై ఉడికిన ఆకులు పచ్చివాటి కంటే పైత్యామ్లాలను బాగా పట్టుకున్నాయి. కొలార్డ్, కేల్, ఆవ ఆకు ముందు వరసలో నిలిచాయి. తర్వాత బ్రోకలీ, ఆపైన క్యాబేజీ. అయితే ఏ కూరగాయ అయినా ఆ మందు శక్తిలో చిన్న వంతే చూపింది. నీటిలో కరిగే పీచు ఒక్కో గ్రాముకు ఎల్‌డీఎల్ డెసిలీటరుకు దాదాపు 2 మిల్లీగ్రాములు తగ్గుతుందని 1999 నాటి ఒక సమీక్ష లెక్కగట్టింది. ఆ లెక్క ఓట్స్, ఇసబ్‌గోల్ వంటి వాటి మీద వచ్చినది. క్యాబేజీ పీచులో కరిగే భాగం కొంతే కనుక దీని వాటా స్వల్పమే.

మనుషులపై జరిగిన పరీక్షల్లో బాగా నమ్మదగినది ఇంగ్లండులోని నార్విచ్ ఆహార పరిశోధన సంస్థది. సల్ఫోరఫేన్ మాతృపదార్థం ఎక్కువగా ఉండేలా సంకరం చేసిన బ్రోకలీని వారానికి 400 గ్రాముల చొప్పున 12 వారాలు తినిపించారు. 2015లో వెలువడిన ఫలితాల ప్రకారం, మొత్తం 130 మందితో జరిగిన రెండు పరీక్షల్లో ఎల్‌డీఎల్ ఒకదానిలో 7.1 శాతం, రెండోదానిలో 5.1 శాతం తగ్గింది. మామూలు బ్రోకలీ తిన్నవారిలో తగ్గింది 2 శాతం అటూ ఇటూ. వారానికి 400 గ్రాములంటే ఏ ఇంటివారైనా తినగలిగిన మోతాదే. కొరియాలో కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉన్న 32 మంది పురుషులు రోజూ 150 మిల్లీలీటర్ల కేల్ రసం 12 వారాలు తాగగా ఎల్‌డీఎల్ 10 శాతం తగ్గి, మంచి కొలెస్ట్రాల్ 27 శాతం పెరిగిందని 2008లో ఒక నివేదిక వచ్చింది. పోల్చి చూడటానికి రసం తాగని వర్గం అందులో లేదు కనుక దాన్ని జాగ్రత్తగా తీసుకోవాలి.

ఆస్ట్రేలియాలో రక్తపోటు కాస్త ఎక్కువగా ఉన్న 18 మంది రెండు వారాలు రోజుకు 300 గ్రాముల క్యాబేజీ, కాలీఫ్లవర్, బ్రోకలీ, కేల్ సూపుగా తాగారు. మరో రెండు వారాలు దుంపలు, గుమ్మడి సూపు తాగారు. 2024లో ప్రచురితమైన ఆ పరీక్షలో క్యాబేజీ కుటుంబపు సూపు తాగినప్పుడు పై రక్తపోటు 2.5 మిల్లీమీటర్లు తగ్గింది, ట్రైగ్లిజరైడ్లు అనే రక్తంలోని కొవ్వులూ తగ్గాయి. మధుమేహ రోగుల్లో సాధారణంగా పెరిగేవి ఈ ట్రైగ్లిజరైడ్లే.

ఈ అంకెలను మందులతో పోలిస్తే వీటి స్థానం స్పష్టమవుతుంది. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందు సాధారణ మోతాదులో ఎల్‌డీఎల్‌ను 30 నుంచి 50 శాతం తగ్గిస్తుంది. కూరగాయల వల్ల వచ్చే తగ్గుదల దానిపై అదనం.

జనసమూహాలపై అధ్యయనాలు

చైనాలోని షాంఘైలో అరవై వేలకు పైగా మహిళలను గమనించిన అధ్యయనంలో కూరగాయలు ఎక్కువగా తిన్నవారిలో టైప్ 2 మధుమేహం తక్కువగా వచ్చింది. ఆ కూరగాయల్లో క్యాబేజీ కుటుంబానివీ ఉన్నాయి. పలు అధ్యయనాలను కలిపి 2016లో చేసిన విశ్లేషణ ఈ కుటుంబపు కూరగాయలకు సుమారు 13 శాతం తక్కువ ముప్పును ముడిపెట్టింది.

దీనికి ఎదురు సాక్ష్యమూ ఉంది. హార్వర్డ్ పరిశోధకులు రెండు లక్షల మందికి పైగా అమెరికన్లను గమనించి 2018లో ప్రచురించిన అధ్యయనంలో గ్లూకోసినోలేట్లు ఎక్కువగా తీసుకున్నవారిలో మధుమేహం 19 శాతం ఎక్కువగా కనిపించింది. ఇలాంటి అధ్యయనాలు సంబంధాన్ని చూపుతాయే గానీ కారణాన్ని తేల్చలేవు. వండే తీరు, కూడా తినే పదార్థాలు, జనుల జీవన విధానం ఫలితాన్ని మార్చగలవు. గంధక రసాయనాలే సర్వస్వమని చెప్పే ప్రకటనలను నమ్మకూడదనడానికి ఈ ఒక్క అధ్యయనం చాలు. నియంత్రిత పరీక్షల్లో ఆహారంగా తిన్న కూరగాయల వల్ల చక్కెరకు హాని కనబడలేదు.

వండే పద్ధతి

వీటి మేలు నిలిచేదీ పోయేదీ పొయ్యి మీదే. ఎక్కువ నీళ్లు పోసి ఉడికించి వార్చేస్తే విటమిన్ సి, గ్లూకోసినోలేట్లు ఆ నీళ్లతో పోతాయి. ప్రెషర్ కుక్కర్‌లో విజిల్స్ వచ్చేదాకా ఉంచితే మైరోసినేస్ నశిస్తుంది. ఎంజైము లేకపోయినా పేగుల్లోని సూక్ష్మజీవులు కొంత పని చేస్తాయి కానీ అందే మోతాదు బాగా పడిపోతుంది. కూర తరిగాక అరగంట దాకా పక్కన ఉంచి తర్వాత వండటం, ఆవిరి మీద కొద్ది నిమిషాలే ఉడికించడం, మూత పెట్టి దాని సొంత తడితోనే మగ్గనివ్వడం మంచి పద్ధతులు.

ఇంగ్లండులోని రెడింగ్ విశ్వవిద్యాలయంలో 2018లో జరిగిన ఒక పరీక్ష తెలుగు వంటకు నేరుగా సంబంధించినది. 12 మందికి 200 గ్రాముల ఉడికిన బ్రోకలీని ఒకసారి ఉత్తిగా, మరోసారి ఒక గ్రాము ఆవపొడి కలిపి ఇచ్చారు. ఆవపొడి కలిపినప్పుడు శరీరానికి అందిన సల్ఫోరఫేన్ నాలుగు రెట్లు మించింది. బ్రోకలీలో వేడికి నశించిన ఎంజైమును పచ్చి ఆవాలు తిరిగి అందించాయి. మన ఆవపెట్టిన కూరలో జరిగేదీ ఈ పనే. క్యాబేజీనో అరటికాయనో ఉడికించి, దించాక, పచ్చి ఆవాలు నూరిన ముద్ద కలుపుతారు. కూర పొయ్యి మీద ఉండగా ఆవ కలిపితే ఘాటు చచ్చిపోతుందని వంటవారికి తెలుసు. ఘాటుతో పాటు ఎంజైమూ పోతుందన్నది దాని వెనకున్న శాస్త్రం. నూనెలో చిటపటలాడిన పోపు ఆవాలకు ఈ శక్తి ఉండదు.

క్యాబేజీ పెసరపప్పు కూర, క్యాబేజీ శనగపప్పు కూర, ముల్లంగి సాంబారు, ముల్లంగి ఆకు పప్పు మధుమేహ రోగులకు బాగా సరిపోయే వంటలు. పప్పు చేరడంతో మాంసకృత్తులు, మరికొంత పీచు అందుతాయి. కొబ్బరి, నూనె మితంగా వేయాలి. కాలీఫ్లవర్‌ను అన్నం మెతుకులంత సన్నగా తురిమి, మగ్గించి, మామూలు అన్నంలో సగం కలుపుకోవచ్చు. గోబీ మంచూరియా మాత్రం ఈ లెక్కలోకి రాదు. మైదా, కార్న్‌ఫ్లోర్ పూసి నూనెలో వేయించిన ఆ వంటలో కాలీఫ్లవర్ మేలంతా పిండి, నూనెల కింద అణగిపోతుంది. కాలీఫ్లవర్ ఆవకాయలో ఉప్పు, నూనె ఎక్కువ కనుక దాన్ని నంజుకు మాత్రమే ఉంచుకోవాలి.

ఎంత తినాలి

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు తినమంది. అందులో 100 నుంచి 150 గ్రాములు క్యాబేజీ కుటుంబానివి అయితే, వారంలో మూడు నాలుగు రోజులు అలా తింటే పైన చెప్పిన నార్విచ్ పరీక్ష మోతాదుకు దగ్గరగా వస్తుంది. మిగతాది తోటకూర, బీర, సొర, బెండ, దొండ వంటివాటితో నింపాలి. ఒకే కూరను నమ్ముకోవడం కంటే రకాలు మార్చడం మంచిది. రసం తీసి వడగడితే పీచు పోతుంది కనుక కూరగా తినడమే మేలు. సల్ఫోరఫేన్ గుళికలను వైద్య చికిత్సగా సిఫారసు చేసేంత ఆధారం ఇంకా సమకూరలేదు.

జాగ్రత్తలు

*రక్తం గడ్డకట్టకుండా మందులు.* వార్ఫరిన్, అసినోకూమరాల్ వాడేవారికి విటమిన్ కె ఉన్న కూరలు హఠాత్తుగా పెంచినా తగ్గించినా మందు ప్రభావం మారుతుంది. మానేయనక్కర్లేదు. వారం వారం ఒకే మోతాదులో తినాలి, మార్పు చేసేముందు వైద్యుడికి చెప్పాలి.

*థైరాయిడ్.* ఎక్కువగా క్యాబేజీ తినిపించిన కుందేళ్లకు గాయిటర్, అంటే థైరాయిడ్ గ్రంథి వాపు వచ్చిందని 1928లో జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు గుర్తించారు. ఈ రసాయనాలు గ్రంథికి అయోడిన్ అందకుండా అడ్డుపడగలవు. 88 ఏళ్ల ఒక మహిళ నెలల తరబడి రోజూ కిలోకు పైగా పచ్చి చైనా క్యాబేజీ తిని థైరాయిడ్ మందగించి ప్రాణాపాయ స్థితికి చేరిన ఉదంతం 2010లో వైద్య పత్రికలో వచ్చింది. అయోడిన్ ఉప్పు వాడుతూ, వండిన కూరను మామూలు మోతాదులో తినేవారికి ఈ భయం అక్కర్లేదు.

*కడుపుబ్బరం.* రాఫినోజ్ అనే చక్కెర పెద్దపేగులో పులిసి గ్యాస్ చేస్తుంది. కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోతే చాలామందికి అలవాటవుతుంది.

*చక్కెర మరీ పడిపోవడం.* ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గానీ వాడేవారు అన్నం ఒక్కసారిగా సగానికి తగ్గిస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. మందు మోతాదు సరిచేయించుకున్నాకే ఆహారం మార్చాలి.

*శుభ్రత.* కాలీఫ్లవర్ పువ్వును విడదీసి ఉప్పు, పసుపు వేసిన గోరువెచ్చని నీటిలో కాసేపు ఉంచితే పురుగులు బయటికి వస్తాయి. క్యాబేజీ పైఆకులు తీసేయాలి. పచ్చిగా తినేటట్లయితే పారే నీటిలో ఆకు ఆకునా కడగాలి. మట్టి ద్వారా బద్దెపురుగు గుడ్లు చేరే ప్రమాదం ఏ పచ్చి ఆకుకూరకైనా ఉంటుంది.

సారాంశం

క్యాబేజీ కుటుంబపు కూరగాయలు మధుమేహాన్ని, కొలెస్ట్రాల్‌ను నయం చేసే మందులు కావు. అన్నాన్ని తగ్గించడానికి, పీచును పెంచడానికి, భోజనం తర్వాత చక్కెర ఎగబాకకుండా ఆపడానికి, ఎల్‌డీఎల్‌ను కొద్ది శాతం దించడానికి ఇవి తోడ్పడతాయి. ఖరీదైన బ్రోకలీ కోసం చూడనక్కర్లేదు. సంతలో దొరికే క్యాబేజీ, ముల్లంగి చాలు. రాసిచ్చిన మాత్ర మానకండి. భోజనానికి కూర్చున్నప్పుడు ముందు ఒక గిన్నెడు కూర తినండి, ఆ తర్వాతే అన్నం వడ్డించుకోండి. మూడు నెలలకోసారి హెచ్‌బీఏ1సీ, వైద్యుడు చెప్పినప్పుడు కొలెస్ట్రాల్ పరీక్ష చేయించుకుంటే ఈ మార్పు మీకు ఎంత పనికొచ్చిందో మీ రిపోర్టులోనే తెలుస్తుంది.